షుగరు మాత్ర, కలుపు మందు: చుట్టరికమే, ఒకటి కాదు

సంపాదకులకు,

‘షుగరు మాత్రల్లో ఉండేది కలుపు మందే’ అనే ప్రచారం నమ్మి మా వీధిలో ఒక పెద్దాయన గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర మానేశారు. చుట్టరికం నిజమే, ఆ మాత్ర, కొన్ని కలుపు మందులు సల్ఫోనైల్‌యూరియాలు అనే ఒకే రసాయన కుటుంబానికి చెందినవే. పని మాత్రం వేరు. మాత్ర క్లోమంలోని బీటా కణాల చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. వరిలో చల్లే కలుపు మందు పైరజోసల్ఫ్యూరాన్, మొక్క కొన్ని అమైనో ఆమ్లాలు తయారుచేసుకునే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ ఎంజైము మనిషిలో లేనే లేదు.

భయపడాల్సింది మరొకటి ఉంది. 1942లో ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు (బ్యాక్టీరియాను అణచే రకం) ఇస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. ఈ మాత్రలకు దారి చూపింది అదే. ఆ గుణం ఇప్పటికీ పోలేదు. మాత్ర వేసుకుని ఏకాదశి ఉపవాసం ఉంటే చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు రావచ్చు, ఒక్కోసారి స్పృహే తప్పవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్న వృద్ధులకు ఇదే కుటుంబంలోని మరో మాత్ర గ్లిబెన్‌క్లమైడ్‌తో ముప్పు మరీ ఎక్కువ. మందుల దుకాణంలో ఈ ముక్క చెప్పేవారేరీ? స్ట్రిప్పు మీది అక్షరాలు భూతద్దానికి కూడా అందవు, అదీ ఇంగ్లిషులో. ‘భోజనం మానే రోజు ఈ మాత్ర గురించి ముందే డాక్టరును అడగండి’ అని తెలుగులో అచ్చువేసిన చీటీ ఒకటి మందుతోపాటు ఇప్పించే బాధ్యత ఔషధ నియంత్రణ అధికారులు తీసుకోవాలి.

– ఒక పాఠకుడు, తెనాలి