మా అమ్మ నిమ్మచెట్టును బతికించిన మావయ్యగారికి

మావయ్యగారూ, నమస్కారం. మొన్న మీ ఇంటికొచ్చి చెప్పబోతే "చెట్టు కోలుకుంది కదా, చాలు" అని మాట దాటేశారు. అందుకే నలుగురిలో చెబుతున్నాను.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెరటి నిమ్మచెట్టు అమ్మ చేత్తో పెట్టింది. ఈ ఏడు రథయాత్ర దాటాక ఆకులు పసుపెక్కి, ఒక పక్క కొమ్మలు ఎండిపోవడం మొదలైంది. ఒక దుకాణంలో పురుగుమందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా గుణం లేదు. ఇక నరికేద్దాం అన్నాం. ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

మీరు వచ్చి ఆకుల వంక చూడనే లేదు. చెట్టు మొదలు దగ్గర కూర్చుని మట్టి పక్కకు లాగారు. బెరడు మీద తేనెరంగు బంక బొట్లు బొట్లుగా కారి ఉంది. చాకుతో గీస్తే లోపలంతా గోధుమరంగు, కుళ్లు వాసన. "బంక తెగులమ్మా, మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే వస్తుంది" అన్నారు. నిజమే, అంట్లు తోమిన నీళ్లన్నీ ఆ పాదులోకే వదిలేవాళ్లం. మేలు చేస్తున్నామనే అనుకున్నాం.

పచ్చి బెరడు కనబడేదాకా కుళ్లంతా చెక్కి, బోర్డో పేస్టు పూయించారు. 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు కలిపితే ఆ పేస్టు. వేర్వేరు ప్లాస్టిక్ డబ్బాల్లో సగం సగం నీళ్లతో కలిపాకే రెండూ ఒకచోట పోయాలి. ఇనుప చాకు ముంచి తీస్తే రాగి రంగు పట్టింది, అంటే సున్నం చాలలేదని ఇంకాస్త వేయించారు. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలట. మొదలుకు అడుగు దూరంలో ఒక గట్టు, కొమ్మల అంచు కింద ఇంకో గట్టు వేయించారు. ఇప్పుడు నీళ్లు ఆ రెండింటి మధ్యే పోస్తున్నాం.

ఆకుల మీద పసుపు అంచుతో ఉన్న గరుకు మచ్చలు మాత్రం గజ్జి తెగులట, వేరే జబ్బు. ఆ రెమ్మలు కత్తిరించి కాల్చేశాం. లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి కొట్టాం. మచ్చలున్న కాయ తినొచ్చని మీరు చెప్పాకే అమ్మకు టెన్షన్ తగ్గింది.

అమ్మకు ఒడియా చదవడం రాదని, కొలతలన్నీ క్యాలెండర్ కాగితం వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. మైలుతుత్తం పక్కన "కొట్లో తుతియా అని అడగండి" అని కూడా రాశారు. ఆ కాగితం ఇంకా వంటగది తలుపుకే ఉంది.

ఎండిన పక్కనే నాలుగు చోట్ల లేత చిగురు వచ్చింది మావయ్యగారూ. అమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి చూసుకుంటోంది. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.