తప్పు ఇద్దరిదైతే పరిహారం సగమే వస్తుందా?

సంపాదకులకు నమస్కారం.

రెండు బండ్లు గుద్దుకున్న ప్రమాదాల వార్తల్లో “డ్రైవర్లిద్దరి తప్పూ చెరి సగమని ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) తేల్చింది” అని రాసి వదిలేస్తుంటారు. అది చదివిన బాధిత కుటుంబం ఒక బీమా కంపెనీ సగమే ఇస్తుందని, మిగతా సగం కోసం రెండోవాడి వెంట తిరగాలని అనుకుంటుంది. చట్టం అలా లేదు. ఆ వాటాలు తప్పు చేసినవాళ్ళు తమలో తాము తేల్చుకోవలసినవి. తన తప్పేమీ లేకుండా దెబ్బతిన్న మనిషి మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. 2015లో న్యూ ఇండియా అస్యూరెన్స్ కంపెనీ ప్రతివాదిగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరచి చెప్పింది. కర్ణాటక హైకోర్టు ఫుల్ బెంచ్ అంతకుముందే ఈ మాట అంది.

ఉదాహరణకు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆటో, ఒక నీళ్ళ ట్యాంకరు గుద్దుకుని ఆటోలోని ప్రయాణికురాలికి తుంటి ఎముక విరిగిందనుకుందాం. పరిహారం 12 లక్షలు. తప్పు ట్యాంకరుది 60 శాతం, ఆటోది 40 శాతం. ఆమె 12 లక్షలూ ట్యాంకరు బీమా కంపెనీ దగ్గరే తీసుకోవచ్చు. ఆ కంపెనీ తర్వాత 4.80 లక్షలు ఆటో వైపు నుంచి రాబట్టుకుంటుంది. ఇద్దరూ కేసులో ప్రతివాదులుగా ఉంటే అందుకు కొత్త దావా కూడా అక్కర్లేదు, అదే కేసు అమలు దశలో వసూలు చేసుకోవచ్చు. ఆటోకు బీమా లేకపోయినా, ఓనరు దగ్గర చిల్లిగవ్వ లేకపోయినా ఆ భారం ట్యాంకరు కంపెనీదే, ఆమెది కాదు.

అదే ఆటో డ్రైవరు తన గాయాలకు క్లెయిమ్ వేస్తే అతని పరిహారంలో 40 శాతం కోత పడుతుంది, ఎందుకంటే అక్కడ తప్పులో బాధితుడికే వాటా ఉంది. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం బైకు ప్రమాదాల్లో ఎక్కువ. భర్త నడుపుతుండగా వెనక కూర్చున్న భార్యకు దెబ్బ తగిలితే, భర్త తప్పు వాటాను ఆమె పరిహారంలోంచి తీసేయమని లారీ బీమా లాయరు వాదిస్తాడు. తీయకూడదు. బైకుకు కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే అది వెనక కూర్చున్నవారికి వర్తించదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అలాంటప్పుడు లారీ బీమా కంపెనీ నుంచి పూర్తి మొత్తం అడిగే హక్కే ఆమెకు దిక్కు. బైకు మీద ముగ్గురున్నారన్న ఒక్క కారణంతో కోత పెట్టడం కూడా చెల్లదు. ముగ్గురు ఎక్కడం వల్లే ప్రమాదమో గాయమో జరిగిందని రుజువు కావాలని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

ఇంత స్పష్టంగా ఉన్న హక్కు క్లెయిమ్ పిటిషన్ దగ్గరే చేజారుతోంది. పోలీసులు చార్జిషీటు ఒక డ్రైవరు మీదే వేస్తారు. దాన్ని చూసి పిటిషన్లో ఆ ఒక్క బండి ఓనరునూ, బీమా కంపెనీనీ చేర్చి ఊరుకుంటారు. విచారణలో తప్పంతా రెండో బండిదేనని తేలితే కేసు మొత్తం కొట్టేస్తారు. కొంత తప్పే అని తేలితే, కేసులో లేని బండి వాటాను ట్రిబ్యునల్ పొరపాటున కోసేసే ప్రమాదం ఉంది. అది అప్పీలుకు నిలిచే తప్పే అయినా, మంచాన ఉన్న మనిషిని పెట్టుకుని హైకోర్టుకు వెళ్ళే ఓపిక ఎందరికి ఉంటుంది? అందుకే ఎవరి తప్పు ఎంతో మొదట్లో తెలియకపోయినా రెండు బండ్ల ఓనర్లనూ, రెండు బీమా కంపెనీలనూ ప్రతివాదులుగా పెట్టాలి. ఎఫ్‌ఐఆర్, స్పాట్ మహజరు (ప్రమాద స్థలంలో పోలీసులు రాసే పంచనామా), స్కెచ్, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు నకళ్ళు తీసుకుంటే రెండు నంబర్లూ దొరుకుతాయి. నంబరు కొడితే పాలసీ ఏ కంపెనీదో, ఎప్పటివరకు ఉందో ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో కనిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో క్లెయిమ్ వేయాలి. రెండో బండిని తర్వాత చేరుద్దాంలే అనుకుంటే గడువు పేచీ మొదలవుతుంది.

లోక్ అదాలత్‌లో ఒక కంపెనీతో రాజీపడేవాళ్ళు కాగితంలో ఏం రాశారో చదివించుకుని సంతకం పెట్టాలి. “మొత్తం క్లెయిమ్‌కు తుది పరిష్కారం” అని ఉంటే రెండో కంపెనీ ఆ మాటనే పట్టుకుంటుంది. ఫలానా కంపెనీ వరకే ఈ రాజీ అని, మిగతావారి మీద కేసు సాగుతుందని స్పష్టంగా రాయించాలి.

కేసు బెంగళూరు స్మాల్ కాజెస్ కోర్టులోనే నడవాలని కూడా లేదు. బాధితులు నివసించే చోట వేయవచ్చు. గాయపడి అనంతపురానికో మదనపల్లెకో తిరిగి వెళ్ళిపోయిన కూలి కుటుంబం వాయిదా వాయిదాకూ రైలెక్కనక్కర్లేదు.

బండ్లవాళ్ళు కాక మూడోవాళ్ళ తప్పు కూడా ఉన్న ప్రమాదాలూ ఈ నగరంలో తక్కువేం కాదు. రోడ్డు తవ్వి, కంచె గానీ ఎర్రదీపం గానీ పెట్టకుండా పోయిన కాంట్రాక్టరు సంగతేమిటి? 2019లో వచ్చిన సెక్షన్ 198ఎ కింద అతనికి లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కానీ ఆ సొమ్ము ప్రభుత్వ నిధికి వెళ్తుంది, బాధితుడికి నేరుగా రాదు. టాక్సీని రైలు గుద్దిన కేసులో రైల్వే బాధ్యతను కూడా ట్రిబ్యునలే విచారించవచ్చని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. ఆ లెక్కన బండి తప్పుతో పాటు తవ్వకం తప్పు కూడా ఉన్నచోట కాంట్రాక్టరునూ, పని అప్పగించిన సంస్థనూ ప్రతివాదులుగా చేర్చమని అడగడం న్యాయమేనని నా గట్టి అభిప్రాయం.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఆ నివేదికనే క్లెయిమ్‌గా తీసుకునే వీలుంది. అందులో ఒకే బండి వివరాలు ఉంటే కేసు మొదటి రోజే కుంటుపడుతుంది. చార్జిషీటు ఎవరి మీద ఉన్నా, ప్రమాదంలో ఉన్న ప్రతి బండి ఓనరు, పాలసీ వివరాలు ఆ నివేదికలో నింపాలని నగర ట్రాఫిక్ పోలీసు అధికారులు స్టేషన్లకు రాతపూర్వకంగా ఆదేశించాలి. మీ పత్రిక కూడా ఇకపై తీర్పుల వార్తల్లో శాతాలతో ఆగకుండా, బాధితుడికి మొత్తం ఎంత వస్తుందో, ఎవరి దగ్గర తీసుకోవచ్చో ఒక్క వాక్యం చేర్చాలని కోరుతున్నాను.

— ఒక న్యాయవాది, కె.ఆర్.పురం, బెంగళూరు