జాగ్రత్త కొనేవాడికేనా, బాధ్యత అమ్మించేవాళ్లకు లేదా?

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ మోసాల మీద మీ జిల్లా పేజీలో ఆ వార్త వచ్చి చాలా రోజులైంది. అయినా రాయక తప్పడం లేదు. ప్రజలు అప్రమత్తంగా ఉండాలి, అత్యాశకు పోవద్దు, తెలియని లింకులు నొక్కొద్దు అని పోలీసులు ఎప్పటిలాగే చెప్పారు, మీరు ఎప్పటిలాగే వేశారు. అన్నీ కొనేవాడికి చెప్పిన బుద్ధులే. అమ్మి మోసం చేసినవాడిని ఏం చేశారో, వాడి చేత అమ్మించి కమీషన్ తీసుకున్న సైటును ఏమడిగారో ఒక్క ముక్క లేదు.

నేను మహబూబ్‌నగర్‌లో దస్తావేజు లేఖరిని. పాత నాణేలు పోగుచేయడం నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. ఆయన కాలపు చార్మినార్ రూపాయి, అంటే హాలీ సిక్కా, ఒక్కటైనా నా దగ్గర ఉండాలని చాన్నాళ్ల కోరిక. బొమ్మలో చార్మినార్ వాకిట్లో మీమ్ అనే ఉర్దూ అక్షరం ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ ఉంటే ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఐన్ రూపాయలు పాత ఇళ్లల్లో ఇప్పటికీ అడపాదడపా కనిపిస్తాయి. మీమ్‌ది దొరకడమే కష్టం.

అలాంటిది ఒక వేలం సైటులో పాటకు వచ్చింది. అమ్మేవాడి పేరు పక్కన మంచి రేటింగు, కింద పొగడ్తలు. ఫొటోలు పెద్దవి చేసి అక్షరం చూశాను, సంవత్సరం చూశాను. పైసలు సైటు ద్వారానే కట్టాను, బయట ఎవరి ఫోనుకూ పంపలేదు. డబ్బా వీడియో తీస్తూనే విప్పాను. అప్రమత్తత అంటే ఇంతకన్నా ఏముంటుందో ఆ ప్రకటన ఇచ్చిన అధికారులే చెప్పాలి.

లోపల ఉన్నది ఫొటోలోని నాణెం కాదు. అంచు చుట్టూ మూసలో పోసిన గీత తెలుస్తోంది. మీమ్ అక్షరం అలికినట్టు ఉంది. పాతదనిపించడానికి సందుల్లో నల్లరంగు దట్టించారు, బొటనవేలితో రుద్దితే వేలికి అంటింది. అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అతుక్కుంది. వెండి అయస్కాంతానికి అంటదని బడిపిల్లలకు కూడా తెలుసు. తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయిస్తే, 11 గ్రాముల పైన తూగాల్సింది తొమ్మిదిన్నర దగ్గరే ఆగింది. దీనికి నేను కట్టింది 6 వేల పైచిలుకు.

అమ్మినవాడు మొదట్లో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అది వాళ్ల తాత పెట్టెలోదట, పొరపాటున ఇంకోటి వచ్చిందట, వాపసు పంపితే పైసలు వేస్తాడట. చిరునామా అడిగితే రేపన్నాడు, ఊళ్లో లేనన్నాడు, పెళ్లి ఉందన్నాడు. అలా సైటులో ఫిర్యాదు గడువు దాటేదాకా సాగదీసి, దాటిన మర్నాడే మాయమయ్యాడు. కొన్నాళ్లకు అదే ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద, అంచున అదే నొక్కు ఉన్న అదే నాణెం ఫొటో ఇంకో పేరుతో మళ్లీ పాటకు వచ్చింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి సైటుకు పంపాను. అసౌకర్యానికి చింతిస్తున్నాం అని యంత్రం రాసిన జవాబు వచ్చింది. ఫోన్ చేస్తే మనిషి పలకడు, పలికినా తెలుగు రాదు. చివరికి తేల్చింది ఏమిటంటే తాము వేదిక మాత్రమే, లావాదేవీ మీ ఇద్దరి మధ్యది అని. మరి కమీషన్ ఎవరి మధ్యది?

పాట కూడా నిజమైన పాట కాదు. చివరి గంటలో ఒక పేరు నా మీద వందా రెండు వందలు పెంచుకుంటూ పోయింది. ఆ పేరు ఈ అమ్మకందారు వస్తువుల మీద తప్ప మరెక్కడా పాడదని తర్వాత వెతికితే తెలిసింది. పాడేవాళ్ల పేర్లలో సగం అక్షరాలు చుక్కలు పెట్టి దాచేస్తారు కాబట్టి పాట జరుగుతున్నప్పుడు ఎవరికీ అందదు. అమ్మేవాడు ముందుగా చెప్పకుండా తన మనిషి చేత పాడిస్తే అది మోసపు అమ్మకమని, ఉత్తుత్తి పాటతో ధర పెంచితే కొన్నవాడు ఆ అమ్మకాన్ని కాదనవచ్చని 1930 నాటి సరుకుల అమ్మకాల చట్టం 64వ సెక్షన్‌లోనే ఉంది. కంప్యూటర్లు లేని కాలంలో రాసిన చట్టానికి ఉన్న పట్టింపు ఈ సైట్లకు లేదు.

ఠాణాకు పోతే ఏమన్నారో కూడా రాస్తాను. "వస్తువైతే వచ్చింది గదా సార్, ఇంగ కేసేముంటది? ఇది సివిల్ లెక్క. 1930కి కొట్టుండ్రి." సైబర్ మోసాలకు పెట్టిన 1930 నంబరుకు ఫోన్ చేశాను. ఆ నంబరు మంచిదే, కాదనను. పైసలు పోయిన గంటల్లోనే చెబితే అవతలి ఖాతాలో ఆపగలుగుతున్నారు. కానీ సరుకు నకిలీదని డబ్బా విప్పితే గానీ తెలియదు, అప్పటికి పైసలు ఎప్పుడో చేతులు మారి ఉంటాయి. మోసంతో సొమ్ము రాబట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత 318 కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు ఉంది. కంప్యూటర్ అడ్డం పెట్టుకుని వేరే మనిషినని నమ్మించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి వేరే ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త చట్టంలో రాసుకున్నారు. ఇవన్నీ రాసి, సంతకం చేసి ఇస్తే, కాగితం తీసుకున్నట్టు ముద్ర వేయడానికి కూడా అక్కడ ఎవరూ ముందుకు రాలేదు. ఆరు వేల కోసం ఇంత తిరగాలా అని ఒక కానిస్టేబుల్ జాలిపడ్డాడు. ఇలా ఆరు వేలకో, రెండు వేలకో మోసపోయి ఊరుకున్నవాళ్లు ఎంతమందో! వాళ్లంతా ఊరుకుంటారనే కదా ఆ అమ్మకందారు ధైర్యం.

మా పనిలో ఒక సంగతి చెబుతాను. వంద గజాల ప్లాటు రిజిస్ట్రీ చేయాలంటే అమ్మేవాడు సబ్‌రిజిస్ట్రార్ ఎదుట నిలబడాలి. ఫొటో, వేలిముద్రలు, ఇద్దరు సాక్షులు. రేపు తకరారు వస్తే పట్టుకోవడానికి ఒక మనిషి, ఒక ఇంటి నంబరు కాగితం మీద ఉంటాయి. ఇక్కడ దేశమంతటికీ సరుకు అమ్మేవాడికి ఊరూ పేరూ అక్కర్లేదు, ఒక ఈమెయిలు చాలు.

చట్టం లేదంటే సర్దుకుందుము. 2020 జులైలో కేంద్రం ఈ-కామర్స్ నిబంధనలు తెచ్చింది. అమ్మేవాడి పేరు, చిరునామా సైటులో కనబడాలి. కొన్నవాడు రాతపూర్వకంగా అడిగితే ఆ వివరాలు ఇచ్చి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అయితే సొంతంగా ఎప్పుడో ఒకసారి ఒక వస్తువు అమ్ముకునే మామూలు మనిషికి ఇవి వర్తించవని అందులోనే ఒక మినహాయింపు ఉంది. ఇంట్లో పాత బీరువా అమ్ముకునేవాళ్ల కోసం పెట్టింది కావచ్చు, తప్పులేదు. వారం వారం డజన్ల కొద్దీ నాణేలు పాటకు పెట్టేవాడు కూడా ఆ సందులో దూరుతుంటే సైటు కళ్లు మూసుకుంటోంది, అడిగే అధికారి లేడు. ఇక నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాని అమ్మకం వ్యాపారంగా చేయాలంటే లైసెన్సు ఉండాలి. వేలం పేజీల్లో లైసెన్సు నంబరు నాకెక్కడా కనబడలేదు.

నా సంగతి వదిలేయండి, నాకు చదువుకోవడానికి చట్టాలున్నాయి, రాసుకోవడానికి చెయ్యి ఉంది. ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామని ఫోన్లలో తిప్పుతున్నారే, దాని సంగతేమిటి? మా దుకాణానికి ఒక పెద్దమ్మ వచ్చింది. ఫోన్లో రిజర్వు బ్యాంకు ముద్రతో ఉత్తరం, చదివి చెప్పమంది. "నోటు తీస్కుంటమన్నరు బిడ్డా, ముందుగాల జీఎస్టీ కట్టమన్నరు. కట్టిన. ఇప్పుడు ఇంకోటేదో కట్టమంటున్నరు." పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తమకు సంబంధం లేదని, తమ పేరు చెప్పి ఎవరైనా రుసుము అడిగితే నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ ప్రకటన ఆ తల్లి దాకా రావాలంటే తెలుగులో రావాలి, బ్యాంకు గోడ మీద ఉండాలి, రేషన్ దుకాణం ముందు ఉండాలి. మన బ్యాంకుల్లో బీమా పాలసీల బోర్డులకు దొరికే గోడ దీనికి దొరకదు.

వినియోగదారుల చట్టం 2019లో మారాక, కొన్నవాడు తన సొంత జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, సైటు ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు లేకుండా కూడా వాదించుకోవచ్చు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగొచ్చు. నేను వేస్తున్నాను. నాణెం, కవరు, వీడియో, రెండు ఫొటోలు అన్నీ భద్రంగా ఉన్నాయి, చిరునామా ఇమ్మని సైటుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం కూడా వెళ్లింది. ఐదు జిల్లాలుగా ముక్కలైన మన పాలమూరులో, నల్లగొండలో ఈ దారి ఉందని తెలిసినవాళ్లు బహు తక్కువ. ఆ అప్రమత్తత ప్రకటనలో ఈ నాలుగు వాక్యాలు ఉంటే ఎంత మేలు జరిగేది?

ఈసారి పోలీసు అధికారులు అలాంటి ప్రకటన ఇస్తే మీ విలేకరి దయచేసి అక్కడే అడగాలి: జిల్లాలో ఆన్‌లైన్ కొనుగోళ్ల మీద వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, అందులో ఎఫ్‌ఐఆర్ అయినవి ఎన్ని, ఎంతమంది అమ్మకందార్లను పట్టుకున్నారు, ఏ సైటుకైనా ఒక్క నోటీసు ఇచ్చారా? వాళ్లు చెప్పిన లెక్క చెప్పినట్టే, ఆ ప్రకటన పక్కనే అచ్చు వేయండి.

— ఒక దస్తావేజు లేఖరి,
మహబూబ్‌నగర్