మా ఫిర్యాదు టికెట్ మళ్లీ ఎందుకు మూసేశారు?

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మా పరిశోధనాశాలలో మైక్రోస్కోపుతో పాటు మీరే ఇచ్చిన కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని చాలాకాలంగా మీకు మొరపెట్టుకుంటున్నాం. ఈ ఉదయం మీ నుంచి మెయిల్ వచ్చింది. సమస్య పరిష్కారమైందట, టికెట్ మూసేస్తున్నారట, మీ సేవకు ఎన్ని స్టార్లు ఇస్తామో చెప్పాలట. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు వచ్చారు? మీ మనిషి ఎవరూ మా ల్యాబ్ గడప తొక్కలేదు. అది చదివి ఒళ్లు మండింది, అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

యంత్రం అన్నాక పాడవుతుంది. దాని మీద నాకు కోపం లేదు. చెప్పింది వినిపించుకోకపోవడం మీదే నా కోపమంతా.

మొదట ఫోన్ ఎత్తినామె రీస్టార్ట్ చేయమంది. చేశాం. టెంపరరీ ఫైళ్లు తీసేయమంది. తీసేశాం. మళ్లీ ఫోన్ చేస్తే వేరే అబ్బాయి ఎత్తి, కథంతా మొదటి నుంచి చెప్పించుకుని, రీస్టార్ట్ చేయమన్నాడు. "ఇవన్నీ అయిపోయాయి బాబూ, మీ రికార్డులో చూడండి" అంటే, "నా స్క్రీన్ మీద ఏమీ కనబడటం లేదు సార్" అన్నాడు. తర్వాత ఒకరు తప్పంతా యాంటీవైరస్‌దే అన్నారు. కాసేపు ఆపి చూశాం, ఏ తేడా లేదు. ఇంకొకరు మైక్రోస్కోప్ విభాగానికి కలిపారు. వాళ్లు హార్డ్‌వేర్ విభాగాన్ని అడగమన్నారు, హార్డ్‌వేర్ వాళ్లు మొదటి నంబరుకే ఫోన్ చేయమన్నారు. హోల్డ్‌లో ఉండగానే లైన్ కట్టయింది. తిరిగి ఎవరూ చేయలేదు.

చివరికి మీ వాళ్లు చేయాల్సిన పని మా రీసెర్చ్ స్కాలరే చేసింది. కంప్యూటర్‌లో దేని మీద ఎంత భారం ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే మెమరీ సగానికి పైగా ఖాళీ, డిస్క్ మీద భారం లేదు. కానీ 3 గిగాహెర్ట్జ్‌కు పైగా వేగంతో నడవాల్సిన ప్రాసెసర్ 0.8 దగ్గరే ఆగిపోయింది. ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు దగ్గరగా ఉంది. బాగా వేడెక్కితే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తనే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ సరిగా తిరగకపోయి ఉండాలి, లేదా దుమ్ముతో గాలి దారి మూసుకుపోయి ఉండాలి, కాదంటే ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండాలి. పెట్టె విప్పితే తేలిపోయే సంగతి. విప్పితే వారంటీ పోతుందని దాని మీద మీ సీల్ ఉంది. మేం విప్పకూడదు, మీరు వచ్చి విప్పరు.

స్క్రీన్‌షాట్లన్నీ పంపాం. మొత్తం ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించమని జవాబిచ్చారు. ఫార్మాట్ చేస్తే ఫ్యాన్ బాగవుతుందా? అందులోని కాలిబ్రేషన్ ఫైళ్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు పోతే ఎవరు తెచ్చిస్తారు? మేం పంపిన మెయిల్ తెరిచి చూసి ఉంటే ఆ మాట అనేవారే కాదు.

ఇక్కడ ఏం జరుగుతోందో తెలుసా? కణ విభజనలో క్రోమోజోములు రెండుగా విడిపోయే ఘట్టం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. దానికోసం మా స్కాలర్ అమ్మాయి రాత్రంతా కూర్చుంది. సరిగ్గా అప్పుడే స్క్రీన్ బిగుసుకుపోయింది. కెమెరా పంపుతున్న చిత్రాలను కంప్యూటర్ అందుకోలేకపోయింది, కావాల్సిన ఫ్రేములే లేవు. మళ్లీ మొదటి నుంచి కణాలు పెంచుకోవాలి. థీసిస్ గడువు దగ్గరపడుతోందన్న ఆమె టెన్షన్ రోజూ చూస్తున్నది నేను, మీరు కాదు.

ఈ ల్యాబ్ పెట్టినప్పటి నుంచి మీ యంత్రాలే కొంటున్నాం. వేరే కంపెనీలు తక్కువ ధరకు ఇస్తామన్నా, మీ సర్వీస్ నమ్మకమైందని కమిటీలో మీ తరఫున వాదించింది నేనే. ఇప్పుడు అదే కమిటీ ముందు ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి?

నాకు ఇంకో క్షమాపణ మెయిల్ వద్దు. బాధ్యత తీసుకునే ఒక మనిషి కావాలి, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి. టికెట్ తిరిగి తెరిచి వెంటనే ఇంజనీరును పంపండి. లేదంటే సర్వీస్ కాంట్రాక్టు పొడిగించే ప్రశ్నే లేదు. తర్వాతి కొనుగోళ్లలో మీ పేరు తీసేయమని కమిటీకి రాసిస్తాను. మీ యంత్రాలు కొనాలా వద్దా అని మిగతా ల్యాబుల వాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు, వాళ్లకు జరిగింది జరిగినట్టు చెబుతాను. ఈ లేఖ నకలు మా డైరెక్టర్ గారికీ, కొనుగోళ్ల విభాగానికీ పంపుతున్నాను.

ఇట్లు,
పరిశోధనాశాల ఇన్‌చార్జి