నాలుగేళ్లూ చదువు, చిన్నీ

గుంటూరు,
ఆదివారం రాత్రి

చిన్నీ,

ప్రభువు పేరిట నీకు దీవెనలు. గురువారం ఫోన్‌లో నువ్వడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. పక్కన మీ పెద్దమ్మ ఉంది, స్టవ్ మీద పప్పు ఉంది. అవి లేకపోయినా ఫోన్‌లో చెప్పగలిగే మాట కాదది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

"పాస్టర్ కావడానికి చదివే బి.డి. అంటే నాలుగేళ్లమ్మా, బయటికొచ్చేసరికి నాకు 30 వస్తాయి. మావయ్య 6 నెలల ఆన్‌లైన్ కోర్సు ఉందంటున్నాడు, ఉద్యోగం మానకుండా చదవొచ్చట. పిలుపు దేవుడిదైతే ఇన్నేళ్ల చదువెందుకు?" అన్నావు. మావయ్య నీ మీద ప్రేమతోనే చెప్పాడు. ఇంట్లో చదువుకునేవాళ్లకు ఆ కోర్సు మంచిదే, సండే స్కూల్ టీచర్లు చేస్తే ఇంకా మంచిది. కానీ నువ్వు ఉద్యోగం వదిలి సేవకు సమర్పించుకుంటానంటున్నావు. రేపు జనం తమ ఇంటి తలుపు తీసి నిన్ను మంచం దాకా పిలుస్తారు. అందుకని వెళ్లమనే చెప్తున్నాను. నాలుగేళ్లూ చదువు. ఎందుకో తెలియాలంటే మీ నాన్న సంగతి కొంత చెప్పాలి. ఇంతవరకు నీకు చెప్పని సంగతి.

2009లో మీ నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరిగేది, మంగళవారం, శుక్రవారం. నీకప్పుడు పదేళ్లు. ఒక ఆదివారం ఒక బ్రదర్ ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. మంచి గొంతు, వాక్యమంతా నోటికి వచ్చు. నాన్న తలకు నూనె రాసి, గంటసేపు ప్రార్థించి, "స్వస్థత జరిగిపోయింది, ఇంక ఆ మిషను మీద ఆధారపడితే దేవుణ్ణి అనుమానించినట్టే" అన్నారు. నాన్న నమ్మారు. ఏడాదిన్నరగా చేతికి సూదులు గుచ్చించుకుంటున్న మనిషి నమ్మకుండా ఎలా ఉంటారు?

ఆ మంగళవారం వెళ్లలేదు. శుక్రవారమూ వెళ్లలేదు. నేను నర్సుని. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు ఎలా చేరుతుందో, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఏమవుతుందో వార్డులో ఎందరికో చెప్పినదాన్ని. మన ఇంట్లో చెప్పలేకపోయాను. నోరెత్తితే అవిశ్వాసి అంటారని భయం. ఆయనకు తగ్గకపోతే అది నా వల్లే అంటారని ఇంకా భయం. ఆ సోమవారం తెల్లవారుజామున రెండింటికి ఆయన ఊపిరాడక లేచి కూర్చున్నారు. పడుకోలేరు, మాట రాదు. నిన్ను పక్కింటి ఆంటీ దగ్గర పడుకోబెట్టి ఆటోలో తీసుకెళ్లాను. శంకర్ విలాస్ బ్రిడ్జి ఎక్కుతుండగా నా భుజం పట్టుకుని, ఒక్కో ముక్కా కూడదీసుకుని, "నా విశ్వాసం చాల్లేదేమో" అన్నారు.

ఆ రోజు అత్యవసరంగా డయాలసిస్ చేసి బతికించారు. ఆ తర్వాత 8 నెలలు మనతో ఉన్నారు. ఆ 8 నెలల్లో ఆ మాట ఎన్నిసార్లు అన్నారో నేను లెక్కపెట్టలేదు. ఆరోజు నేను నోరు తెరిచి ఉంటే ఆయన ఆ మాట మోసేవారు కాదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆ బ్రదర్ చెడ్డ మనిషి కాదు. మన దగ్గర ఒక్క రూపాయి కానుక తీసుకోలేదు. సమాధి కార్యక్రమానికి వచ్చి ఏడ్చారు కూడా. ఆయనకు నేర్పినవాళ్లు లేరు, అంతే. బైబిల్లోని యాకోబు పత్రికలో నూనె రాసి ప్రార్థించమన్న మాట చదివారు. ఆ మాటను చుట్టూ ఉన్న మాటలతో కలిపి చదవాలని ఎవరూ చెప్పలేదు. రోగి మంచం పక్కన మందుల జోలికి పోకూడదని ఎవరూ చెప్పలేదు. తను చెప్పినట్టు జరగకపోతే ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించమని ఎవరూ చెప్పలేదు. ఆయనకు పిలుపు లేదని నేననను. పిలుపు వచ్చిన రోజునే మంచం దగ్గరికి వెళ్లిపోయారు, మధ్యలో కూర్చుని నేర్చుకోవలసిన ఏళ్లు లేకుండా.

ఇప్పుడు ఇంకో మనిషి సంగతి. మన గుడి పాత పాస్టరు, అయ్యగారు, నీకు లీలగా గుర్తుండాలి, నీకు బిళ్లలు ఇచ్చేవారు. నాన్న పోయాక ఆదరణ కూడిక అయిపోయి, చుట్టాలందరూ ఊళ్లకు వెళ్లిపోయాక, మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఒక్కరే వచ్చారు. బైబిలు సంచిలోనే ఉంది, తీయలేదు. మన వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని, కాఫీ తాగి, "రోజులో ఏ టైము కష్టంగా ఉంటోందమ్మా?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. సాయంత్రం ఆరింటికి, నాన్న గేటు తీసే టైముకి, అని చెప్పాను. చెప్తూ చెప్తూ, దేవుడి మీద కోపంగా ఉంది, మూడు వారాలుగా ప్రార్థన రావడం లేదు అనేశాను. అన్నాక భయపడ్డాను.

ఆయన ఉలిక్కిపడలేదు. లాజరు సమాధి సంగతి చెప్పారు. అతని తోబుట్టువులు మార్త, మరియ ఇద్దరూ ప్రభువుతో అదే మాట అన్నారు, నువ్విక్కడ ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదని. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియతో ఆ మాటలేవీ చెప్పలేదు, కన్నీళ్లు పెట్టుకున్నాడు. అది చెప్పి కాసేపు ఆగి, "మన బైబిల్లో ఆత్మలో మూలిగాడని ఉన్నచోట గ్రీకు మాటలో కోపం కూడా ఉందమ్మా. గుర్రం బుస కొట్టినట్టు ఉంటుంది ఆ మాట. ఆ సమాధి ముందు ఆయనకీ కోపం వచ్చింది. నీ కోపాన్ని ఆయన దగ్గర దాచక్కర్లేదు" అన్నారు.

ఆ రాత్రి ప్రార్థన చేశాను. అంతా దెబ్బలాటే, కానీ చేశాను.

అయ్యగారు ఆ గ్రీకు మాట పాస్టర్లకు చదువు చెప్పే ఏ సెమినరీ గదిలోనో, ముప్పై ఏళ్ల కిందట, పరీక్ష కోసం నేర్చుకుని ఉంటారు. నేర్చుకున్న రోజు అది ఎందుకు పనికొస్తుందో ఆయనకు తెలిసి ఉండదు. ఎవరికి ఎప్పుడు చెప్పాలో మాత్రం ఏళ్లతరబడి ఇళ్ల వెంట తిరిగి నేర్చుకున్నారు. రెంటిలో ఏది లేకపోయినా నాకు ఆ రోజు ఊరట దొరికేది కాదు. అందుకే గ్రీకైనా హీబ్రూ అయినా, నీకు ఏది వస్తే అది, టెన్షన్ పడకుండా కష్టపడి చదువు. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, ఇతర మతాలు, ప్రసంగం తయారుచేయడం, కౌన్సెలింగ్, అన్నీ ఉంటాయి. శని ఆదివారాలు ఫీల్డ్ వర్క్ అని ఏదో ఒక సంఘానికో ఆసుపత్రికో పంపుతారు. అలసిపోయానని దాన్ని తప్పించుకోకు.

ఆ ఫీల్డ్ వర్క్ నేను దగ్గర నుంచి చూశాను. నేను పనిచేసిన వార్డుకి సెమినరీ పిల్లలు వచ్చేవాళ్లు. రోగితో మాట్లాడి వెళ్లాక, వాళ్లేమన్నారో తామేమన్నారో గుర్తున్నంతవరకు మాటకు మాట కాగితం మీద రాసి, ఆసుపత్రి పాస్టరైన చాప్లిన్ గారికి చూపించాలి. వర్బాటిమ్ అంటారు. ఆయనే ఒకసారి మాకు చెప్పారు, ఈ పద్ధతికి మూలం 1925లో అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టర్ సెమినరీ విద్యార్థుల్ని మానసిక రోగుల ఆసుపత్రికి తీసుకెళ్లడమని. బోయిసెన్ స్వయంగా అలాంటి ఆసుపత్రిలో రోగిగా ఉండి వచ్చినవాడు.

ఒక కుర్రాడి కాగితం నా టేబుల్ దగ్గరే చదివారు. తుంటి ఎముక విరిగిన ముసలావిడ, "ఇంటికెళ్తే మా కోడలు చూస్తుందో లేదో బాబూ" అంది. ఆ అబ్బాయి, "దేవుడు చూసుకుంటాడమ్మా" అన్నాడు. ఆవిడ వెంటనే ఆసుపత్రి భోజనం గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. చాప్లిన్ గారు ఆ వరుస మీద పెన్సిల్ పెట్టి, "ఆవిడ ఎవరి గురించి అడిగింది? నువ్వు ఎవరి గురించి చెప్పావు?" అన్నారు. ఆ పిల్లాడి ముఖం చిన్నబోయింది. మర్నాడు స్టూలు వేసుకుని ఆవిడ పక్కన కూర్చుని, "మీ కోడలి సంగతి చెప్పండమ్మా" అన్నాడు. అరగంట చెప్పింది. 6 నెలల వీడియోల్లో ఆ పెన్సిల్ ఉండదు, చిన్నీ.

పిలుపు ఉన్నవాళ్లకు చదువెందుకని మన ఊళ్లోనే అడగకూడదు. 1842 జూలై 31న అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టేసరికి ఆయనకు 49 ఏళ్లు. అమెరికాలో అప్పటికే ఎన్నో ఏళ్లు సంఘసేవ చేసిన మనిషి. అయినా బయల్దేరే ముందు బాల్టిమోర్‌లో కూర్చుని సంస్కృతం, వైద్యం చదువుకున్నారు. వెళ్లబోయే చోట మనుషులకు ఏం కావాలో ముందే ఆలోచించుకున్నారు. చివరి రోజుల్లో ఫిలడెల్ఫియాలో సెమినరీ చాప్లిన్‌గా ఉండి 1873లో పోయారు. నీకు 26. నాలుగేళ్లు నీకు ఎక్కువ కాదు.

బి.డి. లాంటిదే మూడేళ్ల ఎం.డివ్. కూడా ఉందన్నావు. అదీ డిగ్రీ అయినవాళ్లకే, అదీ మంచి చదువే. కానీ రేపు మన సంఘంలో నీకు పాస్టరుగా అభిషేకం ఇవ్వాలంటే ఏ డిగ్రీ ఒప్పుకుంటారో ముందు ఇప్పటి అయ్యగారిని అడుగుదాం. బి.డి. అయితే వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్‌ది. బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో వచ్చింది, దాన్ని చాలా సంఘాలు గౌరవిస్తాయి. నా మనసు హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వైపు ఉంది. దగ్గర అని మాత్రమే కాదు. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), మెథడిస్టు పిల్లలు ఒకే హాస్టల్లో ఉండి ఒకే క్లాసులో చదువుతారు. నాలుగేళ్లు పక్కవాళ్ల సంఘం గురించి మంచిగా మాట్లాడటం అలవాటైతే, రేపు పల్లెలో ఒకే వీధిలో మూడు గుళ్లున్నా నీకు ఇబ్బంది ఉండదు.

మీ పెద్దమ్మ, "ఆడపిల్లని సెమినరీకి పంపితే సంబంధాలు వస్తాయా" అంది. నేను ఆవిడతో వాదించలేదు. 2013లో నంద్యాల డయాసిస్‌కి, అంటే ఆ ప్రాంతపు సంఘాలన్నిటికీ, పుష్పలలిత గారు బిషప్ అయ్యారని, సి.ఎస్.ఐ.లో ఆవిడే మొదటి మహిళా బిషప్ అని, మన తెలుగు ఆవిడే అని చెప్పాను. పెద్దమ్మ కాసేపు ఊరుకుని ఇంకో కప్పు టీ అడిగింది. నాకు మాత్రం ఒకటి తెలుసు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో, కాన్పు పోయిన తల్లులు, భర్త కొట్టగా వచ్చిన ఆడవాళ్లు పాస్టరు గారు వస్తే కొంగు సర్దుకుని "బాగానే ఉన్నామండి" అనేవాళ్లు. ఆయన వెళ్లాక నాతో చెప్పేవాళ్లు. నేను వినేదాన్ని, తర్వాత ఏం చేయాలో నాకు తెలిసేది కాదు. నువ్వు తెలుసుకుని రా.

వాళ్లు నీకు చెప్పేది నీ దగ్గరే ఉండాలి. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో ప్రార్థన మనవిగా చెప్పకూడదు. మన సంఘాల్లో కొన్ని కుటుంబాలు గుడికి రావడం మానేసింది దానివల్లే. నాన్నకు జబ్బని ముందుగా నలుగురికీ తెలిసింది కూడా అలాగే.

ఇక పనులు. సంఘం నుంచి సిఫారసు ఉత్తరం కావాలన్నావు కదా, బుధవారం సాయంత్రం అయ్యగారిని కలిసి అడుగుతాను. నీ బాప్తిస్మపు సర్టిఫికెట్ బీరువాలో ఉంది, కాపీ తీయించి పంపుతాను. ఫీజు గురించి మావయ్యను అడగొద్దు, నా రిటైర్మెంట్ డబ్బులో కొంత నీ పేరునే ఉంది. ఉద్యోగానికి రాజీనామా సీటు వచ్చాకే ఇవ్వు.

అప్లికేషన్‌తో పాటు, సేవకు ఎందుకు వస్తున్నావో నువ్వే రాసివ్వాలని చెప్పావు. అందులో మీ నాన్న సంగతి రాయాలనిపిస్తే రాయి, నాకేమీ అభ్యంతరం లేదు. నేను నోరెత్తలేదని కూడా రాయి. ఆ బ్రదర్ ఎవరని మాత్రం నన్నడగొద్దు, ఇంకెవర్నీ అడగొద్దు. ఆయన పిల్లలు ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నారు.

మీ అమ్మ