ఈ ఆదివారం మా ఇంట్లో రికార్డులు విందాం

అన్నలు, అక్కలు, తమ్ముళ్లందరికీ నమస్తే. నా గ్రామఫోన్ రికార్డుల ఫోటోలు పెట్టమని మొన్న కొందరు అడిగారు. ఫోటోలెందుకు, ఆదివారం సాయంత్రం 5కి నల్లగొండలో మా ఇంటికే రండి. 63 ఉన్నాయి. అన్నీ రాక్ సంగీతమే: బరువైన గిటార్ల మెటల్ ఎక్కువ, చిన్నచిన్న వేగమైన పాటల పంక్ తక్కువ.

ముందు ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ 1970లో తెచ్చిన మొదటి ఆల్బమ్ పెడతా. వాన, ఉరుము, దూరంగా గంట, ఆ తర్వాత గిటార్ ఒక్కసారిగా మీద పడుతుంది. అది వాయించిన టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ 17 ఏళ్లకే కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ రికార్డు చేతిలోకి తీసుకుంటే మనసు ఒకలా అయిపోతుంది.

తర్వాత అమెరికా పంక్ బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్, 1976. 14 పాటలు కలిపినా అరగంట కూడా ఉండదు. చాయ్ తాగేలోపు ఒక వైపు అయిపోతుంది.

ఒక్క మాట. పోయిన మే నెలలో ఒక రికార్డు కిటికీ పక్కన మరిచిపోయి మిర్యాలగూడ పోయొచ్చా. వచ్చేసరికి అప్పడంలా వంగిపోయింది. సూది పెడితే ఎగిరెగిరి పడుతోంది. ఎంత బాధేసిందో చెప్పలేను. మీ దగ్గరున్నవి ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. అంచులు పట్టుకునే తీయండి.

వచ్చేవాళ్లు శనివారం లోపు చెప్పండి, కుర్చీలు చూసుకోవాలి.