డబ్లిన్ వీధి అంటే షాపింగేనా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని ఓకానెల్ వీధి మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచీ మనసు ఊరుకోవడం లేదు. 120 మీటర్ల స్పైర్ (సూదిలాంటి ఉక్కు స్తంభం) దగ్గర ఫొటో ఎలా తీసుకోవాలి, ఏ షాపులో ఏం కొనాలి... పేజీ అంతా ఇదే. 'పాత స్తంభం తొలగించి స్పైర్ కట్టారు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తొలగించలేదండీ! బ్రిటిష్ నౌకాదళ వీరుడు నెల్సన్ విగ్రహం ఉన్న ఆ స్తంభాన్ని 1966 మార్చిలో బాంబు పెట్టి పేల్చారు.

మా అబ్బాయి అక్కడ చదువుతున్నప్పుడు నెల రోజులు ఉండి వచ్చాను. రోజూ సాయంత్రం ఆ వీధిలోనే నడిచేవాణ్ణి. ఐర్లండ్ జాతీయ నాయకుడు ఓకానెల్ విగ్రహం కింద రెక్కలున్న కంచు బొమ్మలు కూర్చుని ఉంటాయి. ఒక బొమ్మ ఛాతీలో తూటా దిగిన రంధ్రం. అక్కడి పెద్దావిడ ఒకరు చెయ్యెత్తి చూపిస్తే గానీ నాకు తెలియలేదు. నూరేళ్లు దాటినా దాన్ని పూడ్చలేదు.

బ్రిటిష్ పాలనలో ఆ వీధి పేరు శాక్‌విల్ వీధి. 1916 ఏప్రిల్ 24న అక్కడి జనరల్ పోస్టాఫీసు ముందు బ్రిటిష్ పాలనపై తిరగబడ్డ ఐరిష్ నాయకుడు పాట్రిక్ పియర్స్ స్వాతంత్ర్య ప్రకటన చదివారు. వారం తిరక్కుండానే బ్రిటిష్ ఫిరంగులు ఆ చుట్టుపక్కలంతా నేలమట్టం చేశాయి. 1922 అంతర్యుద్ధంలో మళ్లీ తగలబడింది. 1924లో ఓకానెల్ పేరు పెట్టుకున్నారు. అంతకుముందు, 1913 ఆగస్టు 31న, కార్మిక నాయకుడు లార్కిన్ మాట వినడానికి వచ్చిన జనం మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడింది కూడా ఆ వీధిలోనే. చేతులు రెండూ పైకెత్తిన లార్కిన్ విగ్రహం ఇప్పుడక్కడ ఉంది. ఇందులో ఒక్క ముక్కయినా మీ వ్యాసంలో ఉందా?

అసలు బాధ ఇంకొకటి. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి గారు ఆ 1913లోనే లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. తిరుగుబాటు జరిగిన 1916లోనే ఆయన ఆ దేశం వదిలి రావాల్సి వచ్చింది. ఇక్కడికొచ్చి రైల్వే కార్మికుల నాయకుడయ్యారు, రాష్ట్రపతి అయ్యారు. తెలుగు పత్రిక ఆ వీధి గురించి రాస్తూ ఆయన్ని ఎలా మరిచిపోయింది?

మా అబ్బాయి రూమ్మేట్లను అడిగితే గిరి గారి పేరే వినలేదన్నారు. పిల్లల్ని ఏమనగలం? ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ణి, మన పుస్తకాల్లో ఆయనకు ఎంత చోటిచ్చారో నాకు తెలుసు. మన ఊళ్లలో రోడ్డు వెడల్పు చేస్తామని పాత భవనం కూల్చేటప్పుడు ఒక్క ఫొటో తీసి దాచే అధికారి కూడా ఉండడు. డబ్లిన్‌లోనూ ఆ వీధి పైకొసన ఏళ్ల తరబడి పాడుబెట్టిన భవనాలు చూశాను, కడుపు తరుక్కుపోయింది. కానీ వాళ్లు తూటా రంధ్రాన్నయినా కాపాడుకున్నారు.

స్తంభం సంగతి దయచేసి సవరించండి. ఆగస్టు 10 గిరి గారి పుట్టినరోజు. కనీసం ఆ రోజుకైనా ఆయన డబ్లిన్ రోజుల మీద ఒక అరపేజీ వెయ్యండి.

– రిటైర్డ్ సోషల్ టీచరు, విజయనగరం